దిగులు జబ్బు – పేదరికము

వరిచేనులో కాండము తొలుచు పురుగు పడినపుడు మొదటి దినములలో గట్టుమీద నిలిచి చూచువానికి ఏమియు తెలియదు. చేను పచ్చగనే ఉండును. పురుగు లోపల ఉండి తొలిచివేయగా మొవ్వు ఎండిపోవును. లేదా ఈనిన తరువాత తాలుగింజలతో తెల్లకంకి నిటారుగా నిలుచును. అప్పటికి గాని నష్టము బయటపడదు. మనిషికి వచ్చు దిగులు జబ్బు కూడ ఇట్టిదే. బయటికి కనిపించునప్పటికి ఇంటిలో చాల భాగము చెడిపోయి ఉండును.

పంటలు, ఎరువులు, తెగుళ్ళను గూర్చి వ్రాయవలసిన వ్యవసాయాధికారికి మనోవ్యాధులతో ఏమి పని అని కొందరు అడుగవచ్చును. పని కలదు. అదను చూచి విత్తుట, నీరు ఎప్పుడు పెట్టవలెనో ఎప్పుడు తీయవలెనో నిర్ణయించుట, ధర వచ్చువరకు సరుకు ఆపుట, అప్పు ఎక్కడ తక్కువ వడ్డీకి దొరకునో విచారించుట – ఇవి అన్నియు చేతులతో చేయు పనులు కావు, మనస్సుతో చేయు పనులు. ఆ మనస్సు జబ్బుపడినచో మేలైన విత్తనము ఇచ్చినను, సబ్సిడీ ఇచ్చినను ప్రయోజనము ఉండదు. పేదరికమునకు, ఈ జబ్బుకు గల సంబంధమును గూర్చి గత పదిహేను ఇరువది సంవత్సరములలో మన దేశములోను, మనవంటి ఇతర దేశములలోను మంచి పరిశోధనలు జరిగినవి. వాటిలో రైతులకు, గ్రామోద్యోగులకు పనికివచ్చు సంగతులను ఇక్కడ తెలుపుచున్నాను.

జబ్బును గుర్తించుట

పంట పోయినపుడు ఎవరికైనను దుఃఖము కలుగును. అది జబ్బు కాదు. నాలుగు దినములు అన్నము సహించకపోయినను, తరువాత మనిషి లేచి మిగిలిన చేను సంగతి చూచుకొనును. దిగులు జబ్బులో అట్లు జరుగదు. రెండు వారములు దాటినను మనస్సు కుంగియే ఉండును. ఇదివరకు ఇష్టముగ చేసిన పనిమీద కూడ ఆసక్తి పోవును. నిద్ర పట్టదు, పట్టినను తెల్లవారు జామున మూడు గంటలకే మెలకువ వచ్చును. ఆకలి మందగించును. చిన్న సంగతి కూడ తేల్చుకొనలేడు. ‘నా వలననే ఇల్లు పాడైపోయినది’ అను భావము విడువదు. కొందరికి బ్రతుకుమీదనే విరక్తి కలుగును.

మన గ్రామములలో ఈ మాటలు ఎవరును ఈ విధముగ చెప్పరు. తలనొప్పి అందురు, నడుము లాగుచున్నదందురు, గుండె దడ, ఒళ్ళంతా నీరసము అందురు. ఊరి వైద్యుడు ఒక సూది వేసి పంపును. మరి కొందరు గాలి సోకినదని తాయెత్తు కట్టింతురు. అన్నిటికంటె తరచుగ వినబడునది మరొకటి: ‘వాడు సోమరి. తొలకరి పడి పది రోజులైనా ఇంకా నాగలి తీయలేదు.’ విత్తనములు తీసికొనిపోవుటకు రాని రైతును, వాయిదా నోటీసు అందినను బ్యాంకుకు పోని రైతును మనము తేలికగ సోమరి జాబితాలో వేసివేయుచున్నాము. ఇట్టి వారిలో కొందరు నిజముగ సోమరులు కావచ్చును. కాని నిరుడు అందరికంటె ముందు నారు పోసినవాడు ఈ ఏడు గడప దాటుట లేదన్నచో, దానికి సోమరితనము చాలిన కారణము కాదు.

ఏది ముందు?

లేమి వలన జబ్బు వచ్చునా, జబ్బు వలన లేమి వచ్చునా అనునది పాత ప్రశ్న. 2020లో ‘సైన్స్’ పత్రికలో నలుగురు పరిశోధకులు అప్పటివరకు దొరికిన సాక్ష్యములను అన్నిటిని సమీక్షించిరి. ఒక దేశములో బాగుగ ఉన్నవారికంటె అట్టడుగు ఆదాయము కలవారిలో దిగులు, ఆందోళన జబ్బులు ఒకటిన్నర మొదలు మూడు రెట్ల వరకు ఎక్కువగ ఉన్నవని వారు చూపిరి. కారణము రెండు వైపుల నుండియు నడచుచున్నదని కూడ తేల్చిరి. రాబడి పోయినచో జబ్బు పెరుగును. జబ్బు పెరిగినచో రాబడి పోవును. బావిలో నీరు తగ్గి పైరు వాడుట, పైరు వాడి అప్పు పెరుగుట, అప్పు వలన బావి లోతు చేయించలేకపోవుట ఎట్టివో ఇవియు అట్టివే.

ఇందుకు ఇండొనేషియా మంచి ఉదాహరణము. అది మనవలెనే వరి పండించు దేశము. వర్షము బాగుగ పడి రైతు రాబడి పెరిగిన ఏడు ఆత్మహత్యలు తగ్గినట్లును, వర్షము తప్పిన ఏడు పెరిగినట్లును అక్కడి లెక్కలు తెలుపుచున్నవి. ఆ ప్రభుత్వము 2007 నుండి పేద కుటుంబములకు నగదు సాయము ఇచ్చుచు వచ్చినది. అది అందిన ప్రాంతములలో ఆత్మహత్యలు సుమారు నూటికి 18 వంతులు తగ్గినవని 2019లో ప్రకటించిరి. వర్షము దెబ్బ తీసినచోట ఆ సాయము మరింత అక్కరకు వచ్చినదట. ఆ డబ్బు మనోవ్యాధికని ఇచ్చినది కాదు; పిల్లల చదువునకు, తల్లుల ఆరోగ్యమునకు ఇచ్చినది.

రెండవ ఉదాహరణము మన పొరుగున ఉన్న తమిళనాడులోనిది. విల్లుపురం, తిరువణ్ణామలై జిల్లాలలో 464 మంది చెరకు రైతులను కోతకు ముందు ఒకసారి, కోత తరువాత ఒకసారి పరీక్షించిరి. చెరకు రైతుకు డబ్బు ఏడాదికి ఒక్కసారి వచ్చును గదా. కోతకు ముందు నూటికి 78 మంది ఏదో ఒక వస్తువు తాకట్టు పెట్టి ఉండిరి. కోత తరువాత అట్టివారు 4గురు మాత్రమే. ఇక బుద్ధికి పెట్టిన పరీక్షలలో అదే రైతు, అదే మనిషి, కోతకు ముందు తక్కువ మార్కులు, కోత తరువాత ఎక్కువ మార్కులు తెచ్చుకొనెను. 2013లో ఇది ప్రచురించిన తరువాత కొందరు శాస్త్రజ్ఞులు లెక్క కట్టిన తీరుపై అభ్యంతరములు చెప్పిరి. కాబట్టి దీనిని తిరుగులేని రుజువుగ నేను చెప్పుట లేదు. ఇది జబ్బును గూర్చిన పరీక్ష కూడ కాదు. అయినను చేతిలో కాసు లేని నెలలలో మనస్సు సగము అప్పుల లెక్కలోనే ఉండునని రైతులకు నేను చెప్పనక్కరలేదు.

చీట్లు వేసి చూచుట

ఇక చికిత్స సంగతి. ఏ చికిత్స పనిచేయునో, ఏది చేయదో ఎట్లు తెలిసికొనుట? పొలమును మళ్ళుగ విభజించి, చీట్లు వేసి, కొన్ని మళ్ళకు కొత్త ఎరువు వేసి, కొన్నిటికి పాత పద్ధతినే ఉంచి, దిగుబడులను పోల్చి చూచుట మన పరిశోధన క్షేత్రములలో వాడుకయే. చీట్ల పద్ధతిని 1920 తరువాతి సంవత్సరములలో ఇంగ్లండులోని రొథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రములో రోనాల్డ్ ఫిషర్ అను శాస్త్రజ్ఞుడు స్థిరపరచెను. వైద్యులు దానిని తరువాత అందుకొనిరి. పొలమునుండి ఆస్పత్రికి పోయిన కొన్ని మంచి వస్తువులలో ఇది ఒకటి. క్రింద చెప్పబోవు చికిత్సల ఫలితములు ఇట్లు చీట్లు వేసి చూచినవే.

జింబాబ్వే అవ్వల బల్ల

ఆఫ్రికాలోని జింబాబ్వే దేశములో కోటికి పైగా జనమునకు మనోవ్యాధి వైద్యులు వ్రేళ్ళమీద లెక్కింపదగినంత మందియే. డిక్సన్ చిబాండా అను వైద్యుడు వారిలో ఒకరు. దూరపు ఊరినుండి ఆస్పత్రికి రావలసిన ఒక రోగి బస్సు ఛార్జీలకు డబ్బు లేక రాలేకపోయి ప్రాణము తీసికొన్న పిమ్మట, రోగి వైద్యుని వద్దకు వచ్చుట గాక వైద్యమే రోగి వద్దకు పోవలెనని ఆయన నిశ్చయించెను. కాని పంపుటకు వైద్యులు లేరు, నర్సులకు తీరిక లేదు, ఆస్పత్రిలో గది కూడ లేదు. ఉన్నవారు అవ్వలు. రాజధాని హరారేలోని మ్బారే అను పేటలో ఆరోగ్య కార్యకర్తలుగ పనిచేయుచున్న 14 మంది వృద్ధ స్త్రీలతో 2006లో పని మొదలుపెట్టిరి. ఆస్పత్రి ఆవరణలో చెట్టుక్రింద ఒక కొయ్య బల్ల వేసిరి. అంతే ఖర్చు.

మొదట దానికి మానసిక ఆరోగ్యపు బల్ల అని పేరు పెట్టగా దానిపై ఎవరును కూర్చుండలేదు. పిచ్చివాడని ఊరు అనుకొనునను భయము అన్ని దేశములలోను ఒక్కటే. అవ్వలే పేరు మార్పించిరి. స్నేహపు బల్ల అన్న తరువాత జనము వచ్చిరి. జబ్బు పేరు కూడ వైద్యుల పుస్తకములోనిది పెట్టలేదు. అక్కడి షోనా భాషలో ‘కుఫుంగిసిస’ అను మాట కలదు; అతిగా ఆలోచించుట అని దాని అర్థము. మన వారు ‘ఆలోచనతో చిక్కిపోయినాడు’ అనుటలేదా? అదే మాట.

అవ్వ చేయు పని ఇది. వచ్చిన మనిషిని 14 ప్రశ్నలు అడుగును: నిద్ర పట్టుచున్నదా, ఏడుపు వచ్చుచున్నదా, చనిపోవలెనని అనిపించుచున్నదా – ఇట్లు. సమాధానములను బట్టి జబ్బు తీవ్రత తెలిసికొని, అపాయకరముగ ఉన్నవారిని వెంటనే పై ఆస్పత్రికి పంపును. మిగిలినవారిని మాట్లాడనిచ్చును. మధ్యలో అడ్డు తగిలి నీతులు చెప్పదు. వారు చెప్పిన కష్టములను ఒకటొకటిగ వేరు చేసి, వాటిలో ఒక్కదానిని ఎంచుకొమ్మనును. ఆ ఒక్కదానికి వచ్చే వారములోపల చేయదగిన చిన్న పని ఏదో రోగి నోటనే చెప్పించును. మరుసటి వారము ఆ పని జరిగినదా, జరుగనిచో ఎందుకు జరుగలేదు అని విచారించును. ఇట్లు ఆరు వారములు.

ఇంత చిన్న విషయమునకు జబ్బు తగ్గునా అని నాకు కూడ అనుమానము కలిగినది. లెక్క చూడుడు. హరారేలోని 24 ఆస్పత్రులను చీట్లు వేసి రెండు భాగములు చేసి, 573 మందిని పరీక్షలో చేర్చిరి. సగము ఆస్పత్రులలో బల్ల, మిగిలినవానిలో మామూలు వైద్యము. ఆరు నెలల తరువాత చూడగా మామూలు వైద్యము పొందినవారిలో నూటికి 50 మందికి దిగులు జబ్బు లక్షణములు నిలిచియే ఉన్నవి. బల్లమీద కూర్చున్నవారిలో నూటికి 14 మందికి మాత్రమే ఉన్నవి. ఇది 2016లో ప్రకటితమైనది. పరీక్షలో చేరినవారిలో ఎక్కువమంది స్త్రీలు, అందరును పట్టణవాసులు. మెట్ట గ్రామములలోని మగవారు ఇట్లు వచ్చి కూర్చుందురా అనునది వేరే ప్రశ్న.

‘అప్పు తీరనిదే దిగులు ఎట్లు తీరును?’ అని ఒక రైతు ఈ సంగతి విన్నపుడు నన్ను అడిగినాడు. అడుగవలసిన ప్రశ్నయే. అవ్వ అప్పు తీర్చదు. కాని ముగ్గురు వడ్డీ వ్యాపారులకు, ఒక బ్యాంకునకు, పురుగుమందుల దుకాణమునకు బాకీ ఉన్న మనిషికి రాత్రి ఈ ఐదును కలిసి ఒకే కొండవలె మీద పడును. పగటి వెలుగులో ఒకరి ఎదుట కూర్చుండి విడదీసినపుడు, ఇందులో బ్యాంకు బాకీని వాయిదాలు మార్పించుకొనవచ్చునని, దుకాణదారు పంట వరకు ఆగునని తెలియవచ్చును. మిగిలిన మూడు ఉండనే ఉండును. కాని మనిషి లేచి బ్యాంకునకు పోవును.

గోవా, కర్ణాటకము

మన దేశములో గోవాలో డాక్టరు విక్రమ్ పటేల్, ఆయన సహచరులు 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో 495 మంది రోగులతో ఇట్టి పరీక్ష చేసిరి. వైద్యవిద్య లేని స్థానికులకు శిక్షణ ఇచ్చి, ఒక్కొక్క రోగితో ఆరు మొదలు ఎనిమిది సార్లు మాట్లాడించిరి. వారి పద్ధతిలో ముఖ్య సూత్రము ఒకటి కలదు. ఉత్సాహము వచ్చినపుడు పని చేతునని రోగి అనును. అది తలక్రిందులైన ఆలోచన. ముందు చిన్న పని చేయించవలెను, ఉత్సాహము దాని వెనుక వచ్చును. పొలము గట్టు వరకు నడచి రావడము, పశువులకు తానే నీళ్ళు పెట్టడము, బంధువు ఇంటికి పోవడము – ఇంతకంటె పెద్ద పని చెప్పరు. మూడు నెలలకు వీరిలో నూటికి 64 మందికి జబ్బు నెమ్మదించినది. మామూలు వైద్యము పొందినవారిలో 39 మందికి. ఇది 2017 నాటి సంగతి.

ఇంతవరకు శుభవార్తలే. కర్ణాటకమునుండి వచ్చిన ఫలితము కొంచెము ఆలోచింపజేయునది. అక్కడ దిగులు జబ్బు గల 1,000 మందిని నాలుగు భాగములు చేసి, ఒక భాగమునకు మాత్రలతో వైద్యము, ఒక భాగమునకు జీవనోపాధి సాయము, ఒక భాగమునకు రెండును ఇచ్చి, నాలుగవ భాగమును పోలికకు ఉంచిరి. రెండును కలిపి ఇచ్చినచోట జబ్బు తగ్గినది. వైద్యము ఆపిన తరువాత కూడ ఆ మేలు నిలిచినది. మాత్రలు మాత్రమే ఇచ్చినచోట గుణము తక్కువ, అదియు త్వరగ తరిగిపోయినది. అయితే ఏ భాగములోను వైద్యము వలన సంపాదన చెప్పుకోదగినంతగ పెరుగలేదు. 2024లో ఇది వెలువడినది. అదే సంవత్సరము పేద, మధ్యతరగతి దేశములలో జరిగిన అనేక పరీక్షలను ఒకచోట చేర్చి లెక్కించినవారు, మొత్తముమీద వైద్యము పొందినవారు పనిలో కొంత మెరుగైరని చెప్పిరి.

నా అభిప్రాయములో ఈ రెంటికిని పెద్ద విరోధము లేదు. తెగులు పోయినంత మాత్రమున ఎరువు వేయని చేను పండదు. ఎరువు వేసినను తెగులు ఉన్న చేను పండదు. రాబడి పెంచునని ఆశ పెట్టి మనోవ్యాధి వైద్యమును ప్రచారము చేయుట మాత్రము నాకు సమ్మతము కాదు. విరిగిన చేతికి కట్టు కట్టునపుడు ఈ చేయి ఎన్ని బస్తాలు మోయునని ఎవరును లెక్క అడుగరు.

మన స్థితి

2015–16లో 12 రాష్ట్రములలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగినది. ఆ పన్నెండింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. పెద్దవారిలో నూటికి సుమారు 10 లేక 11 మందికి అప్పుడు ఏదో ఒక మానసిక వ్యాధి ఉన్నట్లును, దిగులు జబ్బు గలవారిలో నూటికి 85 మందికి వైద్యము అందుటలేదనియు అందులో తేలినది. మన ప్రాంతమునకు వచ్చినచో, పశ్చిమ గోదావరి జిల్లాలో ఆశా కార్యకర్తలకు చిన్న కంప్యూటరు పలకలు ఇచ్చి, ఇంటింట ప్రశ్నలు అడిగించి, అవసరమైనవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునికి చూపించు పద్ధతిని పరీక్షించిరి. తరువాత దానిని హర్యానాలోని రెండు జిల్లాలతో కలిపి 44 ఆరోగ్య కేంద్రముల పరిధిలో చేయగా, దిగులు లక్షణములు తగ్గినవి. అవ్వల బల్ల మనకు సాధ్యమా అను సందేహమునకు ఇది కొంత సమాధానము.

పురుగుమందులను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. శ్రీలంకలో 1995లో ప్రతి లక్ష మందికి 57గా ఉన్న ఆత్మహత్యలు 2015 నాటికి 17కు దిగినవి. మిక్కిలి విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగ నిషేధించుటయే ఇందుకు ముఖ్యకారణమని పరిశోధకులు చెప్పుచున్నారు. నిషేధము వలన అక్కడ పంట దిగుబడి పడిపోయిన జాడ లేదు. అదే దేశములో 180 గ్రామములలో మందులను దాచుటకు తాళపు పెట్టెలు పంచి చూడగా, తేడా ఏమియు కనిపించలేదు. కాబట్టి తాళము వేసినాము గదా అని నిశ్చింతగ ఉండరాదు. పైరుకు ఎంత కావలెనో అంతయే కొనుడు; మిగిలినది ఇంటికి చేర్చకుడు. ఇంటిలో ఎవరైనను కుంగి ఉన్నచో మందు డబ్బాలను, స్ప్రేయరును ఆ దినములలో వేరొకరి స్వాధీనములో ఉంచుడు.

అట్టి మనిషితో ఏమి మాట్లాడవలెనో చాలమందికి తెలియదు. ‘ధైర్యంగా ఉండు’ అనుట వలన లాభము లేదు. అతనికి ధైర్యము లేకపోవుటయే జబ్బు. ‘ఏం బావా, ఈమధ్య నిద్ర పడుతున్నదా?’ అని మొదలుపెట్టి, అతడు చెప్పినంతసేపు వినుడు. ‘బ్రతకాలని లేదని ఎప్పుడైనా అనిపించిందా?’ అని సూటిగ అడుగుటకు వెరవకుడు. అడుగుట వలన లేని ఆలోచన పుట్టునను భయము నిరాధారము. ఔనన్నచో ఆ రాత్రి అతనిని ఒంటరిగ విడువరాదు. అప్పటికప్పుడే ఆస్పత్రికి తీసికొనిపోవలెను.

2022 అక్టోబరు 10వ తేదీన కేంద్ర ప్రభుత్వము ‘టెలి మానస్’ అను సహాయము ప్రారంభించినది. 14416 నెంబరునకు ఏ ఫోనునుండి అయినను, ఏ వేళనైనను ఉచితముగ మాట్లాడవచ్చును. తెలుగులోనే సమాధానము ఇత్తురు. రోగి మాట్లాడలేనపుడు ఇంటివారు, గ్రామోద్యోగి కూడ ఫోను చేయవచ్చును. గ్రామోద్యోగులు పంటనష్టము అంచనా వేయుటకు పొలమునకు పోయినపుడు ఈ నెంబరు కాగితముమీద వ్రాసి ఇంటి ఇల్లాలి చేతికి ఇచ్చిరండి; చాల ఇండ్లలో జబ్బును మొదట కనిపెట్టునది ఆమెయే.

వైద్యుడు మాత్రలు వ్రాసి ఇచ్చినచో ఒక సంగతి గుర్తుంచుకొనుడు. వీటి గుణము తలనొప్పి మాత్రవలె గంటలో తెలియదు. రెండు మొదలు నాలుగు వారములు పట్టును. మొదటి వారములో కడుపులో వికారము, నోరు ఎండుట వంటివి ఉండవచ్చును. వాటిని చూచి మానివేయువారు కలరు. తగ్గినట్లు కనిపించిన తరువాత కూడ సాధారణముగ ఆరు నెలలు తక్కువ కాకుండ వాడవలసి ఉండును. మానవలసినపుడు వైద్యుని సలహా ప్రకారము కొద్దికొద్దిగ తగ్గించుచు మానవలెను.